మూడోసారి మాట మలుపు తిరగాలి

చిరంజీవి మేనకోడలికి, చిక్కడపల్లి నుంచి మామయ్య ఆశీస్సులు.

బావ రిటైర్మెంట్ ఫంక్షన్‌లో మాట్లాడడానికి నువ్వు రాసి వాట్సాప్‌లో పంపింది చదివాను. ప్రేమగా రాశావు. కానీ ‘మా నాన్న’ అని మొదలైన వాక్యాలు 11 ఉన్నాయి. నాలుగోదానికే జనం భోజనాల వైపు చూస్తారు తల్లీ.

నవ్వకు. నా వీడ్కోలు సభలో నేను ‘మీ అందరికీ తెలిసిందే’ అని 9 సార్లు అన్నానట, వెనక వరుస కుర్రాళ్లు లెక్కపెట్టారు. అది ఊతపదం. కావాలని తిప్పి తిప్పి చెప్పే మాట వేరు.

పోతన గజేంద్రుణ్ణి తీసుకో. ‘కలడందురు దీనులయెడ’ పద్యంలో ‘కలడు’ ఆరుసార్లు వస్తుంది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు... చివరికి ‘కలడో లేడో’! అంతసేపు కూడబెట్టిన నమ్మకం అక్కడ ఒక్కసారిగా వణుకుతుంది. ముందు అన్నిసార్లు ‘కలడు’ అనకపోతే ఆ ‘లేడో’ అంత గట్టిగా తగలదు.

నువ్వూ అలా చెయ్యి. ‘మా నాన్న’ని మొదట్లోంచి తీసేసి, వాక్యం చివర ‘మా కోసం’ పెట్టు. ‘పొద్దున్నే ఐదింటికి లేచేవారు, మా కోసం. పండగనాడూ డ్యూటీకి వెళ్లేవారు, మా కోసం. రేపట్నుంచి పొద్దెక్కేదాకా పడుకోవాలి, తన కోసం.’ ఆ చివరి మాటకి ముందు ఒక్క క్షణం ఆగు. హడావిడిగా చెప్పేస్తే అంతా వృథా.

ఇంకోటి. మన వాక్యాలు క్రియతో ముగుస్తాయి కదా, ‘వచ్చారు, చూశారు, చేశారు’ అని మనం అనుకోకుండానే ఒకే మోత మోగుతుంది. అక్కర్లేని చోట ‘వచ్చి, చూసి’ అని కలిపెయ్యి.

సావనీర్‌కి కూడా ఇదే ఇస్తానన్నావు. అలాగే ఇవ్వకు. చదివేవాడు కావాలంటే వెనక్కెళ్లి చూసుకుంటాడు, వినేవాడికి ఆ వీలు లేదు. అచ్చులో ‘మా కోసం’ ఒక్కసారి చాలు.

ఆదివారం వచ్చి పైకి చదువు. అత్తయ్య వంటింట్లోంచి వింటుంది. ఎక్కడ మిక్సీ ఆన్ చేస్తే అక్కడ కోసెయ్.

మీ మామయ్య