ఇరవై ఏళ్ల సర్వీసు నిండాకే గల్ఫ్ కొలువు

ప్రశ్న: నేను భారత వాయుసేనలో వింగ్ కమాండర్‌ని. పద్దెనిమిదేళ్ల సర్వీసు పూర్తయింది. ఏఎన్-32 రవాణా విమానం నడుపుతాను. మూలవేతనం, మిలిటరీ సర్వీస్ పే కలిపి నెలకు రూ.1,56,000. ఇప్పుడే రాజీనామా చేసి దుబాయ్‌లో ఎయిర్‌లైన్ పైలట్‌గా చేరి, విశాఖలో అప్పు మీద ఫ్లాట్ కొనాలనుకుంటున్నాను. అక్కడ జీతంపై పన్ను లేదు కాబట్టి లాభమే కదా?

జవాబు: గల్ఫ్ వెళ్లాలన్న మీ ఆలోచనలో తప్పు లేదు, మీ తొందరే నాకు ఆందోళన కలిగిస్తోంది. సైనికాధికారికి పింఛను రావాలంటే ఇరవై ఏళ్ల అర్హతా సర్వీసు ఉండాలి. ఇప్పుడు రాజీనామా చేస్తే డీఎస్‌ఓపీ నిధి (సైనికాధికారుల భవిష్య నిధి) చేతికొస్తుంది గానీ పింఛను రాదు. ఆఖరి వేతనంలో సగం పింఛనుగా ఇస్తారు కనుక, నేటి లెక్కనే చూసినా అది నెలకు రూ.78,000, అంటే ఏడాదికి రూ.9.36 లక్షలు, ఆరు శాతం రాబడితో అంత ఆదాయం మీరే సమకూర్చుకోవాలంటే రూ.1.56 కోట్ల నిధి కావాలి. పింఛనుతోపాటు పెరిగే కరవు సహాయం, మీ తదనంతరం జీవిత భాగస్వామికి అందే కుటుంబ పింఛను, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం ఈ లెక్కలో లేవు. ఇవన్నీ రెండేళ్ల దూరంలో ఉండగా వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అయితే ఇరవై ఏళ్లు నిండాక కూడా, మీరు కోరి ముందుగా విరమిస్తే ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ సవరణలు (పాత పింఛనుదారుల పింఛనును అదే ర్యాంకులో కొత్తగా విరమించినవారితో సమానం చేసే పెంపులు) వర్తించవని గుర్తుంచుకోండి.

ఈలోగా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్వహించే ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) పరీక్షలు పూర్తి చేయండి. ఏఎన్-32 టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్లతో నడిచే విమానం. గల్ఫ్ సంస్థలు ఎక్కువగా చూసేది జెట్ అనుభవం. అందుచేత ముందు దేశీయ ఎయిర్‌లైన్‌లో ఎయిర్‌బస్ 320 జెట్‌పై కొన్నేళ్లు పనిచేయడం మేలు. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు శిక్షణ, అర్హత) ఖర్చు ఎవరిదో, ఉద్యోగం వదలకూడదనే బాండు ఎన్నేళ్లో సంతకానికి ముందే చదవండి. అక్కడి నుంచి కదలాలంటే కో-పైలట్ ఆరు నెలలు, కమాండర్ (విమాన కెప్టెన్) ఏడాది ముందే నోటీసు ఇవ్వాలి.

ఇక పన్ను విషయం. యూఏఈలో జీతంపై పన్ను లేదన్నది నిజమే. కానీ ఉద్యోగం కోసం వెళ్లే ఆర్థిక సంవత్సరంలో (ఏప్రిల్ నుంచి మార్చి వరకు) మీరు ఇక్కడ 182 రోజులు గానీ, అంతకు మించి గానీ ఉంటే పన్ను లెక్కలో రెసిడెంటే (భారత నివాసి) అవుతారు. డిసెంబరులో బయలుదేరితే, మార్చి వరకు దుబాయ్‌లో అందుకున్న జీతానికీ ఇక్కడ పన్ను కట్టాలి. సెప్టెంబరు 20లోపు బయలుదేరేలా చూసుకోండి. ప్రవాసి అయినా మీ పింఛనుపై పన్ను ఇక్కడే పడుతుంది.

పైలట్ జీతం వైద్య పరీక్షపై ఆధారపడి ఉంటుంది. క్లాస్-1 మెడికల్ (ఎయిర్‌లైన్ పైలట్‌కు తప్పనిసరైన వైద్య ధ్రువపత్రం) పోతే జీతమూ పోతుంది. 2020లో కోవిడ్ వేళ ఆరోగ్యంగా ఉన్న పైలట్లను కూడా గల్ఫ్ సంస్థలు తొలగించాయి. లైసెన్సు కోల్పోతే పరిహారమిచ్చే బీమా తీసుకోండి, ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచండి. ఫ్లాట్ కొనడం పింఛను మొదలయ్యే వరకు వాయిదా వేయండి; అప్పుడు కూడా ఈఎంఐ పింఛనులో సగం దాటకూడదు.