తాగినవాళ్ల రక్తం మా అమ్మాయి ఎందుకు ముట్టుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) అంటోంది. అర్ధరాత్రి తాగి పడ్డవాళ్ల రక్తం తీసే పని ఆడపిల్లకెందుకు? ఆల్కహాల్ పరీక్షలు ఫోరెన్సిక్‌లోనూ (నేర పరిశోధన ల్యాబుల్లో) ఉంటాయి కదా, బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో వేస్తే? రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, ఏటా అడ్మిషన్ల వేళ ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. మీ బెంగ చదువు గురించి కాదు. నైట్ డ్యూటీ, చుట్టాల మాటలు, రేపటి సంబంధాలు. అవునా?

క్యాజువాలిటీకి బైక్ మీంచి పడ్డ కుర్రాణ్ని తెస్తారు. నోట్లో మందు వాసన, మాట ముద్దగా ఉంది. ‘తాగాడు, పడుకోనివ్వండి’ అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. తలలో రక్తం గడ్డకట్టినా, షుగర్ పడిపోయినా మనిషి అలాగే మాట్లాడతాడు. రిపోర్టులో ఆల్కహాల్ తక్కువని వస్తే, ఆ మత్తుకు వేరే కారణం ఉందని డాక్టరుకు తెలుస్తుంది. ఎక్కువ వచ్చినా సీటీ స్కాన్ మానకూడదు. ఆ రిపోర్టు ఇచ్చేది మీ అమ్మాయి. దాన్ని మీరు ‘తాగుబోతుల రక్తం’ అని తేల్చేశారు. ఆ మాట ఆమె ముందు ఇంకోసారి అనకండి.

పైగా అది చిన్న పనేం కాదు. సూది గుచ్చేచోట స్పిరిట్ దూది పెట్టకూడదు. రక్తం పాడవకుండా ఆపే ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులోకి తీస్తారు. మూత వదులైతే ఆల్కహాల్ ఆవిరైపోతుంది. ఆసుపత్రి మిషన్ ఎంజైముతో, రక్తకణాలు తీసేసిన ద్రవభాగంలో (సీరం లేదా ప్లాస్మా) కొలుస్తుంది, ఆ అంకె మొత్తం రక్తంలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ వస్తుంది. అందుకే తాగి బండి నడపడంపై మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లోని 30 మిల్లీగ్రాముల హద్దుతో (100 మిల్లీలీటర్ల రక్తానికి) దాన్ని నేరుగా పోల్చకూడదు. ల్యాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే పదార్థం) బాగా పెరిగిన రోగిలో అసలు తాగకపోయినా ఆల్కహాల్ ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసినవాళ్లు ల్యాబులో ఉండాలి.

ఇక ఫోరెన్సిక్. అక్కడ గ్యాస్ క్రొమటోగ్రఫీతో (ఆవిరిగా మార్చి, పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) కొలుస్తారు, ఆ రిపోర్టు కోర్టులో నిలబడుతుంది. గొప్ప పనే. కానీ సీరియళ్లు చూసి వచ్చిన మోజు మీద నాకు నమ్మకం లేదు. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులు కొన్నే, పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. వచ్చినా కెమిస్ట్రీ ఎమ్మెస్సీలు పోటీకొస్తారు. లక్షలు కట్టి ఆ డిగ్రీ చేసి, ఏ ల్యాబులోనూ అడుగుపెట్టలేక నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. డయాగ్నస్టిక్ ల్యాబులు మాత్రం ప్రతి ఊళ్లో ఉన్నాయి. అమ్మాయికి ఫోరెన్సిక్ మీదే మనసుంటే మాట వేరు. కానీ అడుగుతున్నది మీరు, ఆమె కాదు.

నైట్ డ్యూటీ ఉంటుంది, దాచను. మొదటి జీతం కూడా తక్కువే. భయపడకండి, ఆమె ఒంటరిగా ఉండదు, చుట్టూ నర్సులు, డాక్టర్లు ఉంటారు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఉన్న కాలేజీ చూడండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, రాత్రుళ్లు హాస్టల్‌కు వాహనం ఉందా అని ముందే అడగండి. అంతకుముందు ఒకరోజు, అనుమతి అడిగి, మీ ఊరి ప్రభుత్వాసుపత్రి ల్యాబుకు అమ్మాయిని తీసుకెళ్లండి. టెక్నీషియన్లతో ఆమెనే మాట్లాడనివ్వండి. మీరు బయట బల్ల మీద కూర్చోండి.