నొప్పి తగ్గిందని క్యాప్ వాయిదా వేయకు

చిరంజీవి లక్ష్మికి మామయ్య ఆశీస్సులు.

రూట్ కెనాల్ పూర్తయి నొప్పి తగ్గిందనీ, క్యాప్ సంగతి సంక్రాంతి తర్వాత చూస్తానన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకది బొత్తిగా నచ్చలేదు. పుచ్చు తీసేటప్పుడు కొంత, వేరు దాకా దారి చేసేటప్పుడు కొంత పన్ను లోపలి భాగం పోతుంది. మిగిలేవి పలచటి గోడలే. పైగా నీది దవడ పన్ను, నమిలే బరువంతా దాని మీదే. ఏ చెగోడీయో కొరికినప్పుడు గోడ చీలి, ఆ చీలిక వేరులోకి దిగితే ఇక పీకించుకోవడమే. బండి చక్రానికి ఇనప పట్టా వేసినట్టు, క్యాప్ ఆ గోడలను విడిపోకుండా చుట్టూ పట్టి ఉంచుతుంది.

డెంటల్ ల్యాబులో క్యాపులు చేస్తూ తల నెరిసినవాణ్ని. అందరూ ఏ రకం మంచిదని అడుగుతారు గానీ, క్యాప్ పన్నును కలిసే అంచు గురించి అడిగేవారు లేరు. నోటి అచ్చులో జిప్సం పోసి, ఆ నమూనా పన్నును భూతద్దం కింద పెట్టి, డాక్టర్ చెక్కిన అంచు వెంట ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవాళ్లం. అచ్చు తీసేటప్పుడు చిగురు రక్తమో ఉమ్మో చేరితే ఆ అంచు ఒకచోట అలుక్కుపోయేది. అక్కడ ఊహించి చేయాల్సిందే. ఊహ తప్పితే సందు మిగులుతుంది, ఆ సందులోంచే క్యాప్ కింద పన్ను మళ్లీ పుచ్చుతుంది. అందుకే డాక్టర్ మరోసారి అచ్చు తీద్దామంటే విసుక్కోకు. అలా అనేవారే పని తెలిసినవారు. అచ్చుకు బదులు స్కానర్ వాడినా చిగురు పొడిగా ఉండాల్సిందే.

రకం అంటావా, దవడ పన్నుకు జిర్కోనియా అనే తెల్లటి సిరామిక్ గట్టిది, రంగూ కలుస్తుంది. డబ్బు చూసుకోవాలంటే పూర్తి లోహపు క్యాప్ తీసిపోయేదేమీ కాదు, దానికి పన్నును అరగదీయడమూ తక్కువే. లోహం మీద సిరామిక్ వేసినదైతే కొన్నేళ్లకు పెచ్చు లేవవచ్చు, చిగురు దగ్గర నల్లటి గీత కనిపించవచ్చు. విశాఖలో మీ మధురవాడ నుంచి ఋషికొండలోని గీతం డెంటల్ కాలేజీ దగ్గరే. కాలేజీ ఆసుపత్రుల్లో సాధారణంగా ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ.

అసలు క్యాప్ తయారయ్యేదాకా పెట్టే తాత్కాలిక క్యాప్ ఉన్నన్నాళ్లూ జీళ్లు, బీచ్ రోడ్డులో కాల్చిన పొత్తులు ఆ వైపు నమలకు. ఊడితే పారేయకుండా పట్టుకెళ్లు.

అసలుది అతికించే ముందు రంగు కాగితం కొరికిస్తారు. మొహమాటపడకు. మిగతా పళ్లకన్నా అదే ముందు తగులుతోందనిపిస్తే అక్కడే చెప్పు, లేకపోతే నమిలినప్పుడల్లా నొప్పి. పక్క పన్నుకూ దానికీ మధ్య ఫ్లాస్ దారం కాస్త బిగువుగా దిగాలి. వదులుగా జారితే తిన్నదల్లా అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత కూడా రోజూ ఆ దారం వాడు. క్యాప్ పుచ్చదు గానీ దాని కింది పన్ను పుచ్చుతుంది.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని నాకు ఫోను చెయ్యి. అచ్చు తీసే రోజు నేనూ వస్తాను.

మీ మామయ్య