ఓహాయో స్టేట్ బ్యాండు కోసమైనా ఒక మ్యాచ్ చూడాలా?

ఈ ఆగస్టులో అమెరికాలోని ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్‌కి చేరుతున్నానన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు, కానీ సీనియర్లంతా "బ్యాండు కోసమైనా వెళ్లు" అంటున్నారు, టికెట్‌కి అంత డబ్బు పెట్టొచ్చా అని అడిగారు.

నేనూ అక్కడే చదివాను. ఆ ఆట రూల్స్ ఇప్పటికీ నాకు సగమే తెలుసు. అయినా పెట్టొచ్చు అనే చెప్తాను. కాకపోతే సరిగ్గా ఆట మొదలయ్యే టైముకి వెళ్తే మీ డబ్బులో సగం దండగ.

ఎందుకంటే అసలైన సంగతి చాలాసార్లు ఆటకి ముందే అయిపోతుంది. దాని పేరు స్క్రిప్ట్ ఓహాయో. ముందు బ్యాండంతా 'ఓ' ఆకారంలో నిలబడుతుంది. తర్వాత బ్యాండుని ముందుండి నడిపించే డ్రమ్ మేజర్ వెనక ఒక్కొక్కరుగా విడివడి, వాయిస్తూనే నడుస్తూ మైదానమంత పొడుగున ఇంగ్లిషు కలిపిరాతలో 'ఓహాయో' అని రాస్తారు. అక్షరాల మెలికల దగ్గర వరస తనని తానే దాటుకుంటూ పోతుంది, ఒక్కరూ ఇంకొకరికి తగలరు. చివర్లో 'ఐ' మీద చుక్క మిగులుతుంది. సూసాఫోన్ అని, ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకా ఉంటుంది. అది వాయించే విద్యార్థి ఒకరు కాళ్లు ఎగరేస్తూ వెళ్లి, చుక్క చోట నిలబడి, టోపీ తీసి నడుం వంచి దండం పెడతారు. లక్షమంది ఒకేసారి అరుస్తారు.

దీన్ని 1936లో మొదలుపెట్టింది యూజీన్ వైగెల్ అనే బ్యాండు డైరెక్టర్. మొదట్లో చుక్కగా నిలబడింది ట్రంపెట్ కుర్రాడు. మరుసటి ఏడు గ్లెన్ జాన్సన్ అనే సూసాఫోన్ విద్యార్థిని అక్కడికి మార్చారు. 1938లో ఒక మ్యాచ్‌లో డ్రమ్ మేజర్ 'ఐ' దగ్గరికి కాస్త ముందే చేరిపోయాడట. పాట ఇంకా మిగిలుంది, ఏం చెయ్యాలో తోచక జాన్సన్ కాలెగరేసి, గిర్రున తిరిగి, వంగి దండం పెట్టాడు. జనానికి నచ్చింది, ఉండిపోయింది. ఇంకోటి, 1932లోనే ఓహాయో స్టేట్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన మిషిగన్ యూనివర్సిటీ బ్యాండు ఇదే స్టేడియంలో 'ఓహాయో' అని కలిపిరాతలో రాసింది. ఈ మాట మాత్రం యూనివర్సిటీ ఉన్న కొలంబస్ ఊళ్లో గట్టిగా అనకండి.

ఆ చుక్క మామూలుగా నాలుగో, అయిదో ఏడు బ్యాండులో ఉన్న సూసాఫోన్ వాళ్లకే దక్కుతుంది. బయటివాళ్లలో హాస్యనటుడు బాబ్ హోప్, వ్యోమగామి జాన్ గ్లెన్, గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లస్ లాంటి అతి కొద్దిమందికి గౌరవంగా ఇచ్చారు.

క్యాంపస్ డైనింగ్ హాల్లో నాతో పార్ట్‌టైమ్ చేసే కుర్రాడు ఆ బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు, చదివేది ఇంజనీరింగ్. బ్యాండులో ఎక్కువమంది సంగీతం చదివేవాళ్లు కారని వాడివల్లే తెలిసింది. కిందటేడు ఉన్నాం కదా అని ఈ ఏడు చోటు ఖాయం కాదు, అందరూ మళ్లీ ట్రైఅవుట్స్‌కి, అంటే ఎంపిక పరీక్షలకి రావాల్సిందే. వాడు ఆల్టర్నేట్, అంటే వరసలో చోటు లేనివాడు. అప్పట్లో ఆల్టర్నేట్లు వారం వారం వరసలో ఉన్నవాళ్లని ఛాలెంజ్ చేసి, నడకలో, వాయింపులో గెలిస్తే ఆ శనివారానికి చోటు తీసుకునేవాళ్లు. ఛాలెంజ్ రోజు వాడి టెన్షన్ చూస్తే నా క్యాంపస్ ఇంటర్వ్యూలు నయమనిపించేవి. ఇదంతా తెలిశాకే నాకు ఆ బ్యాండు మీద గౌరవం పెరిగింది.

చరిత్ర పెద్దదే. 1878లో సైనిక శిక్షణ తీసుకునే విద్యార్థుల కోసం చిన్న ఫ్లూట్లు, డ్రమ్ములతో మొదలైంది. 1934లో వైగెలే క్లారినెట్లు, ఫ్లూట్లు తీసేసి మొత్తం ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములే ఉంచాడు. మన బ్యాండు మేళంలో పాట ఎత్తుకునే క్లారినెట్ అక్కడ కనపడదు. ఆ మోత స్టేడియంలో ఆఖరి వరస దాకా ఛాతీలో తెలుస్తుంది. అమ్మాయిల్ని మాత్రం 1973 దాకా తీసుకోలేదు, అది వాళ్లు గొప్పగా చెప్పుకోవాల్సిన విషయమేం కాదు.

ఇక డబ్బు సంగతి. ముందు స్కల్ సెషన్‌కి వెళ్లండి. ఆటకి రెండు గంటల ముందు ఇండోర్‌లో బ్యాండు వాయించే కార్యక్రమం అది. మేమున్నప్పుడు సెయింట్ జాన్ ఎరీనాలో జరిగేది, టికెట్ లేదు. అది నచ్చితేనే మ్యాచ్ టికెట్ కొనండి. స్టూడెంట్ రేటుకి దొరికే చిన్న టీమ్ మ్యాచ్ చాలు, బ్యాండు అదే బ్యాండు. మిషిగన్ మ్యాచ్ జోలికి పోకండి, రేట్లు మండిపోతాయి, పైగా నవంబర్ చలి. డ్రమ్ మేజర్ వెనక్కి విల్లులా వంగి టోపీ మీది ఈకని నేలకి తాకించేది బ్యాండు మైదానంలోకి వచ్చేటప్పుడే. కాబట్టి అరగంట ముందే సీట్లో ఉండండి. బ్యాక్‌ప్యాక్ మాత్రం రూమ్‌లోనే వదిలేయండి, గేటు దగ్గర లోపలికి రానివ్వరు.