ట్రంపెట్ ఏ పద్ధతిలో నేర్పించాలి?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. రెండేళ్లుగా చర్చిలో ట్రంపెట్ వాయిస్తున్నాడు. మాస్టారు రోజూ లాంగ్ నోట్సే (ఒక్కో స్వరాన్ని ఆపకుండా చాలాసేపు పట్టి ఊదడం) వాయించమంటారు. ఒక ఆన్‌లైన్ కోర్సువాళ్లు నెలలో పై స్వరాలు పలికిస్తామంటున్నారు. వాడి స్నేహితుడేమో ఆర్బన్ రాసిన పాఠాల పుస్తకం ఉంటే చాలంటున్నాడు. ఏది మంచిది? దీంతో ఉద్యోగం వస్తుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. బాబు అరగంట వాయించి ట్రంపెట్ కింద పెట్టగానే పెదవి చూడండి. మౌత్‌పీస్ (పెదవికి ఆనించి ఊదే భాగం) అచ్చు ఎర్రగా, లోతుగా పడి ఎంతసేపటికీ పోకపోతే, గాలితో కాక చేతి బలంతో ఒత్తి వాయిస్తున్నాడేమోనని అనుమానించాలి. ఒత్తితే పై స్వరం తొందరగానే పలుకుతుంది. కానీ పెదవికి రక్తం సరిగా అందదు, కాసేపటికే అలసిపోతుంది. నెల రోజుల కోర్సు వద్దనేది అందుకే.

ట్రంపెట్‌కు వాల్వులు (వేళ్లతో నొక్కే మీటలు) మూడే. వేళ్లు కదపకుండానే చాలా స్వరాలు పలుకుతాయి. ఏది పలకాలో తేల్చేది పెదవుల బిగువు, గాలి వేగం. లాంగ్ నోట్స్‌తో కుదిరేది ఇదే. కాబట్టి మాస్టారిది చాదస్తం అనుకోకండి. ఆర్బన్ పారిస్‌లో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాయిద్యం) పాఠాలు చెప్పినాయన. 1864లో వచ్చిన ఆ పుస్తకాన్ని ట్రంపెట్ వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఏ పాఠం ఎంత నెమ్మదిగా వాయించాలో పక్కన కూర్చుని వినేవాళ్లే చెప్పాలి. దాన్ని మాస్టారి దగ్గరే మొదలుపెట్టించండి. ఇద్దరు ముగ్గురి మాట ఒకేసారి వింటే మౌత్‌పీస్ పెట్టుకునే చోటు కూడా కుదురుకోదు.

ఇక ఉద్యోగం. ఆర్మీ, పోలీసు బ్యాండుల్లో అవకాశం ఉంటుంది. ఆర్మీ బ్యాండు వాళ్లకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో శిక్షణ ఇస్తారు. వీటికి నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రావాలి. పైగా కీబోర్డు అతను సి స్వరం అంటే, అదే స్వరం పలకడానికి బి ఫ్లాట్ రకం ట్రంపెట్ మీద డి వాయించాలి. బాబు అది చెవితో పట్టుకుంటున్నాడా, చూసి కూడా చదవగలడా అడగండి. చదవలేకపోతే ట్రినిటీ గానీ ఏబీఆర్‌ఎస్‌ఎం గానీ (రెండూ లండన్ సంగీత పరీక్షల సంస్థలు) పెట్టే గ్రేడ్ పరీక్షలకు కూర్చోబెట్టండి. ఎనిమిది గ్రేడ్లు ఉంటాయి. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్‌గా చేరాలన్నా ఆ సర్టిఫికెట్లు పనికొస్తాయి. పెళ్లి బ్యాండ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, మూఢం వస్తే పని తగ్గిపోతుంది. ఇంటర్ మాత్రం ఆపించకండి.

రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు విడతలు చాలు. మధ్యలో పెదవికి విశ్రాంతి ఇవ్వాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ప్రాక్టీస్ మ్యూట్ (ట్రంపెట్ మూతిలో పెట్టి శబ్దం తగ్గించేది) ఒకటి కొనివ్వండి, పక్కింటివాళ్ల టెన్షన్ లేకుండా వాయించుకుంటాడు.