బొమ్మల బీరువా ఆపద్ధనం కాదమ్మా

ప్రశ్న: మాది అమలాపురం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారికి ఎలక్ట్రికల్ షాపు. నెలకు ఇద్దరిదీ కలిపి 78,000 వస్తుంది, ఇంటిఖర్చు 52,000. 5 లక్షల చీటీకి నెలకు 10,000 చొప్పున 21 నెలలు కట్టాను. ఆరేళ్లుగా పాతకాలపు పసిపాప బొమ్మల్ని వాటి అసలు బట్టలు, సామాన్లతో సహా సేకరిస్తున్నాను. నెలకు 8,000 వాటికే. ఇప్పుడు అమెరికాలో ఒకావిడ 1950ల నాటి, కన్నీళ్లు కార్చే పాప బొమ్మ టైనీ టియర్స్‌తో కలిపి ఆరు బొమ్మలు అమ్ముతోంది. కస్టమ్స్, కొరియర్‌తో 1,80,000 అవుతుంది. గాజులు తాకట్టు పెట్టనా, చీటీ పాడేయనా? బ్యాంకులో 35,000 ఉంది, క్రెడిట్ కార్డు బాకీ 42,000. అవసరమొస్తే బొమ్మలు అమ్ముకోవచ్చన్నదే నా ధైర్యం.

జవాబు: రెండూ వద్దమ్మా. మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది ఆ చివరి మాట చూసే. 'అవసరమొస్తే అమ్ముకోవచ్చు' అని కొబ్బరితోట గురించీ, చేపల చెరువు గురించీ ఇక్కడ ఎంతమంది అంటారో! 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో చెట్లు కూలాక, కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా ఏళ్లు పట్టింది. తోట ఉంది, చేతిలో డబ్బు లేదు.

మీ బొమ్మలు కొనేవాళ్లు అమలాపురంలో లేరు. అర్ధరాత్రి మీవారిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే అడ్వాన్సు అప్పటికప్పుడు కట్టాలి. బొమ్మకు ఫొటోలు తీసి, బేరం కుదిరి, పార్సిల్ చేరి డబ్బు రావడానికి వారాలు పడుతుంది. పైగా దాని విలువంతా సెట్టు చెదరకుండా ఉండటంలోనే ఉంది. మీరు తొందరలో ఉన్నారని తెలిస్తే కొనేవాళ్లు బొమ్మతో వచ్చిన పాలసీసా ఒక్కటీ, బుడగలూదే గొట్టం ఒక్కటీ విడిగా ఇమ్మంటారు. అవి పోయాక మిగిలిన బొమ్మకు పాత ధర రాదు. మన వాతావరణం మరో శత్రువు. తొలినాటి టైనీ టియర్స్‌కు తల గట్టి ప్లాస్టిక్, ఒళ్లు రబ్బరు. ఆ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. రంపపు పొట్టు, జిగురు కలిపి చేసిన అంతకుముందరి బొమ్మలు తేమకు పగుళ్లిస్తాయి. వాటిని ప్రేమగా దాచుకోండి, ఆపద్ధనం లెక్కలో మాత్రం వేయకండి.

గాజుల మాట చదివి నాకు కోపమే వచ్చింది. 35,000 తప్ప చేతిలో ఏమీ లేని ఇంటికి చివరి దిక్కు ఆ బంగారమే. అదీ బొమ్మల కోసం తాకట్టులోకి పోతే రేపు జ్వరమొచ్చినా నూటికి మూడు రూపాయల వడ్డీకి ఊళ్లో చెయ్యి చాచాలి. చీటీ ఇప్పుడు పాడితే పాటలో పోయేది పోగా, మిగిలిన 29 వాయిదాలూ కట్టక తప్పదు.

ఖర్చు, చీటీ, బొమ్మలు పోగా ఇంకో 8,000 మిగలాలి. అదెక్కడికి పోతోందో మీరు రాయలేదు. కార్డు బాకీ చూస్తే అదీ బొమ్మలకేనని అనుమానంగా ఉంది. ఆ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ వేస్తుంటే, 42,000కు నెలకు 1,470 ఊరికే పోతున్నట్టు. బొమ్మలు ఆపితే చేతిలో 16,000 ఉంటుంది. మూడు నెలల్లో కార్డు తీర్చేయండి. తర్వాత ఆ 16,000నే జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మళ్లించండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 3,12,000. ఉన్న 35,000 కలుపుకుంటే పద్దెనిమిది నెలల్లో చేరతారు. ఈలోపు ఆ ఖాతాకు ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. బోనస్ వచ్చినా, సంక్రాంతికి షాపు బాగా నడిచినా అందులోకే వెళ్లాలి.

మీవారి ఆరోగ్య బీమా సంగతి రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఇంటికి భారత్ గృహ రక్షా పాలసీ తీసుకుంటే బొమ్మల్ని బిల్లులు, ఫొటోలతో విడిగా చూపించి, అవి కవరవుతాయని కంపెనీ చేత రాయించుకోండి.

అమెరికా ఆవిడకు ఇవాళే కొనలేనని రాసేయండి. 3,12,000 నిండిన నెల నుంచి 4,000తో బొమ్మల పద్దు మళ్లీ తెరవండి, ఆ డబ్బు చేతిలో ఉన్నంతవరకే కొనండి.