మే నెల జీతం లేని ఉద్యోగం, 12 లక్షల స్థలం

ప్రశ్న: తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగంలో అకడమిక్ కన్సల్టెంట్‌గా చేస్తున్నాను. వయసు 37. నెలకు 40,000, అందులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోతుంది. మే నెలకు జీతం ఉండదు. మిగతా నెలల్లోనూ రెండు మూడు నెలలవి కలిపి వేస్తుంటారు. నా భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది, నెలకు 6,000 దాకా వస్తాయి. పాపకు ఆరేళ్లు. 50 నెలల 5 లక్షల చీటీ ఏడు నెలలుగా కడుతున్నాం. బ్యాంకులో నగల మీద లక్షన్నర అప్పుంది. పన్ను పడేంత ఆదాయం కాదు కదా అని రిటర్ను ఎప్పుడూ వేయలేదు. రేణిగుంట దాటాక 75 అంకణాల స్థలం 12 లక్షలకు వస్తోంది. చీటీ ఎత్తి అడ్వాన్సు ఇచ్చి, మిగతాదానికి లోను తీసుకోమని బంధువులు అంటున్నారు. ఖర్చుల చిట్టా జతచేశాను. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. స్థలం మంచిదో కాదో తర్వాత చూద్దాం, ముందు మీ చేతికి వస్తున్నదెంతో తేల్చుకోవాలి. ఏడాదికి 11 జీతాలు, అంటే 4,40,000. టీడీఎస్ 44,000 పోను 3,96,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 33,000. ఇల్లు మాత్రం 40,000 వస్తున్నట్టు నడుస్తోంది. అందుకే మూడు నెలలవి ఒక్కసారి పడినా వారం తిరక్కుండా పాత బాకీలకే సరిపోతున్నాయి.

మీ చిట్టా ప్రకారం అద్దె 9,000, సరుకులూ పెట్రోలూ కలిపి 12,000, చీటీ 7,500, స్కూలు ఫీజు నెలకు పంచితే 3,000, ఎల్‌ఐసీ 2,000, నగల వడ్డీ 1,100, సదస్సులకూ చెన్నై ఆర్కైవ్స్ ప్రయాణాలకూ పేపర్ల అచ్చుకూ 1,700. మొత్తం 36,300. ఇద్దరి రాబడీ కలిపితే 39,000. మిగిలేది 2,700. చీటీ చివరికొచ్చేకొద్దీ కంతు 10,000కు చేరుతుంది కాబట్టి ఆ మిగులు కూడా నిలిచేది కాదు. డబ్బు కడితే చాలు నెలలో పేపరు అచ్చేసే పత్రికలకు పెడుతున్నది మాత్రం ఇవాళే ఆపేయండి. సెలక్షన్ కమిటీ ముందు వాటికి విలువ లేదని మీకూ తెలుసు.

ఇక స్థలం. 12 లక్షల మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 90,000. చీటీని ఇప్పుడు 30 శాతం తగ్గించి పాడితే వచ్చేది 3.5 లక్షలు. ఇంకా 9.4 లక్షలు కావాలి. 9 లక్షల లోను పదేళ్లకు 10 శాతం వడ్డీకి దొరికిందనుకున్నా ఈఎంఐ 11,900 దగ్గర ఉంటుంది. మీ దగ్గర మిగిలేది 2,700. పైగా మీ జీతం ఆగిందని బ్యాంకు ఈఎంఐ ఆపదు.

చీటీ ఎత్తడమంటే మన డబ్బు మనం తెచ్చుకోవడమే అనుకుంటారు చాలామంది. లెక్క చూడండి. 5 లక్షల మీద 1,50,000 తగ్గించి పాడితే అందులో ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమీషన్ 25,000 పోను 1,25,000 యాభై మందికి తలా 2,500 వస్తుంది. మీ కంతు 7,500 అయింది అందుకే. ఎనిమిదో నెల కంతుతో మీరు కట్టింది 60,000. చేతికొచ్చే 3.5 లక్షల్లో మీది అంతే, మిగతా 2.9 లక్షలు అప్పు. దానికి 42 కంతులు, సగటున 8,800 చొప్పున, దాదాపు 3.7 లక్షలు కట్టాలి. ఏడాదికి సుమారు 13 శాతం వడ్డీ పడినట్టు. నగల అప్పు మీద మీరు కడుతున్నది 9 శాతమే కాబట్టి నగలు విడిపించడానికి కూడా చీటీ ఎత్తకండి.

వడ్డీ కన్నా పెద్ద చిక్కు జామీను. ఎత్తిన చీటీకి కంపెనీలు సాధారణంగా రెగ్యులర్ ఉద్యోగి జీతం సర్టిఫికెట్ అడుగుతాయి. ఏటా మీ రెన్యువల్‌కు సిఫారసు రాయాల్సిన విభాగం హెడ్‌నే పోయి జామీను అడగాల్సిరావచ్చు. ఎత్తినవాళ్లు కంతు తప్పితే మిగిలిన కంతులన్నీ ఒకేసారి కట్టమనే హక్కు చిట్ ఫండ్స్ చట్టం, 1982 ఫోర్‌మన్‌కు ఇస్తోంది. మీ జీతం మూడు నెలలు ఆగితే ఆ తంటా జామీనుదారుకూ చుట్టుకుంటుంది. చీటీ కడుతూ ఉండండి, రిజిస్టరైన చీటీయేనా అన్నది ఒకసారి చూసుకోండి, చివరి పది నెలల్లో పాట తక్కువకు దిగాక ఎత్తండి.

మీ లెక్కలో నాకు మనసొప్పనిది టీడీఎస్. ఏటా 44,000 ఊరికే వదిలేస్తున్నారు. ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ (మీ పేరున కోసిన పన్ను చిట్టా) తీసి ఏ పద్దు కింద కోశారో చూడండి. ఏకంగా 10 శాతం కోశారంటే జీతంగా కాకుండా ప్రొఫెషనల్ ఫీజుగా చూపి ఉంటారు. అప్పుడు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ రాదు, జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు. నెట్ సెంటర్‌లో ఐటీఆర్-4 వేసి సగం ఆదాయాన్ని ఖర్చుగా రాసేస్తారు. ఆ సగం లెక్క డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల వంటి కొన్ని వృత్తులకే, బోధన ఆ జాబితాలో లేదు. మీరు ఐటీఆర్-3 వేయించడం క్షేమం. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కోసిందంతా వెనక్కి వస్తుంది. గడువు దాటిన రిటర్ను డిసెంబరు 31 లోపు వేయొచ్చు. అంతకన్నా పాతవైతే, ఐదేళ్ల లోపువాటికి, జాప్యాన్ని మన్నించమని పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అప్‌డేటెడ్ రిటర్నుతో రీఫండ్ తెప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి, దానితో రీఫండ్ రాదు. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, బ్యాంకు ఖాతాను ముందే వాలిడేట్ చేసి ఉంచాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి మరిచిపోవడం వల్లే ఎక్కువ రీఫండ్లు ఆగుతాయి.

వచ్చిన రీఫండ్ మొత్తం జీతం పడే ఖాతాలోనే ఉండనివ్వండి. ఆ ఖాతాను ఫోన్‌పే నుంచి తీసేసి, ఏటీఎం కార్డు బీరువాలో పెట్టండి. ప్రతి నెలా 1న అందులోంచి ఇంటి ఖాతాకు 33,000 పంపండి. మూడు నెలలవి కలిపి 1,08,000 పడినా పంపేది 33,000 మాత్రమే. మేలో గంగ జాతరకు చుట్టాలు వస్తారు, జీతం రాదు, జూన్‌లో బడి ఫీజు. ఆ రెండు నెలలూ గడవాలంటే ఆ ఖాతాలో లక్ష నిల్వ ఉండాలి. అది చేరేదాకా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (బ్యాంకే ప్రతి నెలా పంపే ఏర్పాటు) పెట్టకుండా చేత్తోనే పంపుకోండి, లేకపోతే నిల్వ చాలక తిరిగొచ్చిన ప్రతిసారీ చార్జీ పడొచ్చు. నిల్వ లక్ష దాటాక ఆపైన మిగిలేదంతా నగల అప్పుకు కట్టండి.

జవాబు పత్రాల వాల్యుయేషన్ డబ్బు, దూరవిద్య పాఠాలు రాసిన డబ్బు లాంటివి వచ్చినప్పుడు పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, ఏడాదికి లక్షన్నర దాటకుండా ఎప్పుడు ఎంత వేసినా ఫరవాలేదు, ప్రస్తుత వడ్డీ 8.2 శాతం. నెలనెలా ఇంత అని కట్టాల్సినవాటికన్నా మీ ఆదాయానికి ఇది సరిపోతుంది. ఎల్‌ఐసీ ఎండోమెంట్ ఉంది కదా అని ధీమా పడకండి, 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) విడిగా తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. కంపెనీ ఆదాయానికి రుజువుగా రిటర్న్‌లు అడుగుతుంది, అందుకని ముందు అవి వేసేయండి.

రెండేళ్ల తర్వాత మళ్లీ స్థలం చూస్తే చదరపు గజాల్లో మాట్లాడండి. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. మీకు చెప్పిన 75 అంకణాలు ఇక్కడి లెక్కన 300 గజాలే. లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో, 500 చదరపు మీటర్లు దాటినదైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందో లేదో అడగండి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) మీరే తీయించండి. తిరుపతి చుట్టూ మఠాల భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వ భూములు చాలా ఉన్నాయి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సొంతంగా చూసుకునేదాకా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.